ముతవల్లి, ధర్మకర్త: ఎవరి హక్కు ఎంతవరకు?

అరవై, డెబ్బై ఏళ్ళు దాటిన కోనసీమ వాళ్ళకు బాలబాలాజీ గుడి లేని అప్పనపల్లి తెలుసు. మామిడికుదురు మండలంలో, వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి పూనికతో ఆలయం వెలిసింది గత శతాబ్దం ద్వితీయార్ధంలోనే. ఇవాళ అక్కడ పాత గుడీ ఉంది, కొత్త గుడీ ఉంది. ముడుపు కట్టుకుని వచ్చేవాళ్ళు ఏ గోడ ఎప్పటిదని అడగరు. అడగవలసిన అవసరం వాళ్ళ భక్తికి లేదు. ఒక క్షేత్రం పవిత్రం కావాలంటే అది పాతదై ఉండనక్కరలేదని చెప్పడానికి అప్పనపల్లి చాలు. అయితే ఆ నిజాన్ని ఒప్పుకున్నవాడికి వెంటనే ఒక చిక్కు ఎదురవుతుంది. పవిత్రతకు వయసుతో పని లేనప్పుడు, 1591లో పుట్టిన హైదరాబాదులో చార్మినార్‌నూ, మూసీ దగ్గరి బాద్‌షాహీ ఆషుర్‌ఖానానూ, మక్కా మసీదునూ, గోల్కొండ కోట పక్కనున్న కుతుబ్‌షాహీ సమాధులనూ ఎందుకు కాపాడాలి? నమాజు కొత్త మసీదులోనూ చెల్లుతుంది. పీరు కొత్త చావిట్లోనూ లేస్తుంది. చరిత్ర కోసం అంటారా, చరిత్ర పుస్తకాల్లో ఉంది. పర్యాటకం కోసం అంటారా, అది డబ్బు లెక్క. రేపు అదే జాగాలో అంతకంటే ఎక్కువ అద్దె తెచ్చే కట్టడం లేస్తుందంటే ఆ లెక్కే తిరగబడుతుంది. పాత ప్రార్థనాస్థలాన్ని నిలపడానికి మతం లోపలినుంచే ఒక కారణం దొరుకుతుందా? దొరుకుతుందని నా వాదన. కాకపోతే పవిత్రత అనే మాట చుట్టూ ఎంత తిరిగినా అది కనపడదు.

ఎందుకంటే పవిత్రత విషయంలో మతాలు గోడల పక్షాన లేవు. భూమి అంతా నుదురు ఆనించి సజ్దా చేయదగిన చోటేనని ప్రవక్త చెప్పినట్టు ముస్లింలు నమ్ముతారు. శుభ్రమైన నేల, కాబా వైపు తిరిగే కిబ్లా దిక్కు, మనసులో సంకల్పం ఉంటే నమాజుకు గోడ అక్కరలేదు. మదీనాలో ప్రవక్త కాలపు మసీదుకు పచ్చి ఇటుక గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల కప్పు; తాటాకు ఇళ్ళు ఎరిగిన కోనసీమ వాళ్ళకు ఆ కట్టడం కళ్ళకు కడుతుంది. చివరికి కాబా కూడా ఒకటికి నాలుగుసార్లు తిరిగి కట్టిందే. 1630 ప్రాంతంలో మక్కాను ముంచిన వరదకు దాని గోడలు కూలితే ఒట్టోమన్ సుల్తాను నాలుగో మురాద్ హయాంలో మళ్ళీ లేపారు. దిక్కు మారలేదు, యాత్ర ఆగిపోలేదు. మన ఆగమాలదీ ఇదే దారి. గర్భాలయానికి మరమ్మతు వచ్చినప్పుడు దేవుడి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం కట్టి, నిత్యపూజలు అక్కడ నడిపిస్తారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి దాకా భక్తులు దర్శనం చేసుకున్నది బాలాలయంలోనే. అర్చకుడు దేవుణ్ణి పక్కకు తీసుకెళ్ళాకే శిల్పి ఉలి పట్టుకుంటాడు. గోడ వేరు, దేవుడు వేరు అని శాస్త్రమే ఇంత స్పష్టంగా చెబుతున్నప్పుడు, ‘ఇది పవిత్రమైన కట్టడం, ముట్టుకోవద్దు’ అని వాదించేవాళ్ళకు శాస్త్రం సాయం రాదు. పవిత్రత పేరుతో పాత గోడను నిలబెట్టాలని చూస్తే, అదే పేరుతో దాన్ని పడగొట్టి అంతకంటే ఘనంగా కడతామనేవాళ్ళదే పైచేయి అవుతుంది. తెలుగునాట పాత గుళ్ళూ పాత మసీదులూ పోయింది ఎక్కువగా శత్రువుల చేతుల్లో అనుకుంటాం గాని, గత యాభై ఏళ్ళలో వాటిని ఎక్కువ మార్చేసింది భక్తుల ఉత్సాహమే.

కారణం వెతకవలసింది దానంలో. ఒక మనిషి తన పొలాన్నో భవనాన్నో వక్ఫ్ చేసినప్పుడు అది అతని చేతినుంచి దాటిపోతుంది. ఇంకో మనిషి చేతికి మాత్రం రాదు. యాజమాన్యం అల్లాహ్‌దే అవుతుంది, ఫలం మనుషులది అవుతుంది, మధ్యలో ముతవల్లి కాపలా కాస్తాడు. అమ్మే హక్కు, వారసులకు పంచే హక్కు, మొదటి షరతును తన ఇష్టానికి మార్చే హక్కు అతనికి లేవు. దాత పెట్టిన షరతును ధర్మశాసనంతో సమానంగా పాటించాలన్నది ఇస్లామిక్ న్యాయకోవిదుల్లో స్థిరపడిన సూత్రం. మన దేవాలయాల సంగతీ ఇంతే. దేవుడి మాన్యం దేవుడిదే. మన న్యాయస్థానాలు ప్రతిష్ఠిత దేవతామూర్తిని చట్టం దృష్టిలో వ్యక్తిగా గుర్తించాయి. ధర్మకర్త ఆ వ్యక్తి తరఫున పనిచేసేవాడు. ఈ రెండు వ్యవస్థలూ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినవి కావు. అయినా రెండూ ఒకే చోటికి వచ్చాయి: దేవుడికిచ్చినదానికి బతికున్నవాళ్ళెవరూ యజమానులు కారు. ఇక్కడినుంచి ఒక్క అడుగు ముందుకు వేస్తే నా వాదన పూర్తవుతుంది. మసీదు కట్టినవాడు ఇచ్చింది నాలుగు గోడల మధ్య చోటు మాత్రమే కాదు. రాయి ఎంపిక, కమాను వంపు, మీనారు మీది సున్నపు పువ్వు, కారిగరు పెట్టిన కాలం అన్నీ ఆ దానంలో భాగం. పొలం మాన్యమైతే పొలాన్ని అమ్ముకోకూడదని ఒప్పుకుంటాం. పనితనం మాన్యమైనప్పుడు దాన్ని చెరిపేయకూడదని మాత్రం ఎందుకు ఒప్పుకోం?

చనిపోయినవాళ్ళకు హక్కులేమిటి, వాళ్ళ కోరికకు మనమెందుకు కట్టుబడాలి అని అడగవచ్చు. ఇది తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. నాలుగు వందల ఏళ్ళ క్రితం పోయిన సుల్తానుకు ఇవాళ మనం చేయగల మేలూ లేదు, కీడూ లేదు. కానీ దానపత్రానికి ఒక కొసన దాత ఉంటే ఇంకో కొసన ఇంకా పుట్టనివాళ్ళున్నారు. వక్ఫ్ శాశ్వతం కావడంలో అర్థమే అది. ‘ఆచంద్రార్కం’ అని మన శాసనాల్లో రాయించడంలో అర్థమూ అదే. మధ్యలో ఉన్న తరం ఆ పత్రాన్ని చింపేస్తే నష్టపోయేది చనిపోయినవాడు కాడు, రాబోయేవాడు. తెలుగు శాసనాల చివర పుణ్యపాపాల మాటలుంటాయి. దానం కాజేసినవాడికి ఏ గతి పడుతుందో చెప్పే శాపం అందరికీ తెలుసు. దాని పక్కనే వచ్చే ఇంకో మాటను ఎవరూ అంతగా పట్టించుకోరు: తాను ఇచ్చిన దానాన్ని కాపాడుకోవడం కంటే పరులు ఇచ్చిన దానాన్ని కాపాడితే పుణ్యం రెట్టింపు. పరులు ఏ కులం వాళ్ళో, ఏ మతం వాళ్ళో ఆ మాటలో లేదు. మన జిల్లా పొలిమేరలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. అఖండదీపానికి నెయ్యి కోసం జీవాలను ఇచ్చినవాళ్ళు, భూములు రాసినవాళ్ళు అక్కడ పేర్లతో ఉన్నారు. ఆ గుళ్ళో గోడే దానపత్రం. రాతిని నునుపు చేయించినా, దాని మీద గ్రానైటు పలకలు అంటించినా, పత్రం పోయినట్టే. ఎన్నో ఊళ్ళలో శాసనాల మీద ఎనామిలు రంగు పూసింది నాస్తికులు కాదు, కమిటీలు.

మక్కా మసీదు కట్టడం కథ చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కుతుబ్‌షా 1617లో దానికి శంకుస్థాపన చేశాడు. తర్వాత అబ్దుల్లా వచ్చాడు, అబుల్ హసన్ తానీషా వచ్చాడు, 1687లో గోల్కొండే మొగలుల చేతిలో పడిపోయింది. మసీదు మాత్రం ఇంకా పూర్తి కాలేదు. దాన్ని 1694లో ముగించింది ఆ వంశాన్ని తుడిచిపెట్టిన ఔరంగజేబు. కుతుబ్‌షాహీలు షియాలు, ఔరంగజేబు సున్నీ. రాజ్యం కోసం ఒకరినొకరు చంపుకున్నవాళ్ళు ఒకే ప్రార్థనాశాలను కట్టారు. ఇది మతసామరస్యానికి ఉదాహరణ అని నేననను. ఔరంగజేబుకు తన లెక్కలు తనకున్నాయి. కానీ ఆ మసీదు ఎవరిదని అడిగితే కుతుబ్‌షాహీలదనడానికీ లేదు, మొగలులదనడానికీ లేదు. డెబ్బై ఏడేళ్ళ పాటు కొండరాళ్ళను తొలిచి, తెచ్చి, నిలిపిన వేలమంది పేర్లు మనకు తెలియవు. నడిమి కమానులో మక్కా మట్టితో చేసిన ఇటుకలున్నాయని జనం నమ్మకం. ఆ ఇటుకల సంగతి ఎలా ఉన్నా, మిగతా రాయంతా దక్కను నేలది. రాజులు కీర్తి కోసం కట్టారు, అందులో దానమేముంది అనేవాళ్ళుంటారు. కీర్తి కోరిక ఉండే ఉంటుంది. మాన్యాలిచ్చిన రెడ్డిరాజులకూ, గోపురాలెత్తిన రాయలకూ లేదా? దాత మనసులోని కల్మషంతో దానం చెల్లకుండా పోతే మన ఊళ్ళల్లో ఒక్క సత్రమూ మిగలదు.

కాపాడటం అంటే ఏమిటో తేలాలంటే కాస్త సున్నం దగ్గరికి వెళ్ళాలి. కుతుబ్‌షాహీ కట్టడాల మీద మనం చూసే పువ్వులు, తీగెలు, మీనారు అంచుల జాలీలు చాలావరకు రాతి చెక్కడాలు కావు, సున్నపు గచ్చుతో చేతులు తీర్చిన పని. రాతి సున్నాన్ని బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి పొంగించి, నాననిచ్చి, ఇసుక కలిపి గానుగలో వేస్తారు. గుండ్రటి తొట్టిలో ఎద్దులు రాతిచక్రాన్ని తిప్పుతుంటే అది వెన్నలా నలుగుతుంది. బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం లాంటివి కలపడం పాత మేస్త్రీల అలవాటు. సముద్రం పక్కనున్న మన సీమలో రాతి సున్నం బదులు గుల్ల సున్నం వాడేవాళ్ళు. మిగిలిన మండువా లోగిళ్ళలో ఆ గోడలు ఇప్పటికీ చల్లగా ఉన్నాయి. పూసిన సున్నం ఒక్కరోజులో గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా మళ్ళీ రాయి అవుతుంది. దానికి సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి గోడలోకి దిగిన తేమ బయటికి పోతుంది. సిమెంటు అలా కాదు. అది త్వరగా బిగుస్తుంది, గట్టిగా ఉంటుంది, తేమకు దారి ఇవ్వదు. పాత గోడ మీద సిమెంటు పూస్తే నీరు లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, గోడను వెనకనుంచి తినేస్తుంది. పైకి బాగుచేసినట్టు కనిపిస్తుంది, లోపల పాడవుతూ ఉంటుంది. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణకు దిగినప్పుడు, గత శతాబ్దంలో గుంబజుల మీద వేసిన సిమెంటును ఒలిచి మళ్ళీ సున్నం పూయడమే అందులో పెద్ద పని అయింది. అదే ఏడు వానలకు కొంత కూలిన, ఆ ఆవరణలోని మెట్లబావి బడీ బావిని పాత పద్ధతిలో తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. మొత్తం పని 2024 జులైలో ముగిసింది. సిమెంటు పూసినవాళ్ళు కూడా మంచి మనసుతోనే పూసి ఉంటారు. అందుకే అంటున్నాను, ధర్మకర్తకు మంచి మనసు ఒక్కటే చాలదు. తన చేతిలో పెట్టిన వస్తువు ఏ పదార్థంతో అయిందో, దాన్ని ఏది నిలుపుతుందో, ఏది చంపుతుందో తెలుసుకోవడం కూడా అతని ధర్మంలో భాగం. 2019 మే మొదట్లో చార్మినార్ మీనారు నుంచి గచ్చు ముక్క ఊడిపడినప్పుడు రెండు రోజులు గొడవ జరిగింది. గొడవ చేయవలసింది ముక్క పడ్డ రోజున కాదు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ కొడుకు ఆ పని వదిలి టైల్స్ పనికి వెళ్ళిన రోజున.

ప్రార్థన చేసేవాళ్ళ అభ్యంతరం అన్నిటికంటే బలమైనది, గౌరవంగా వినవలసినది. ‘మాది మ్యూజియం కాదు. శుక్రవారం జనం పట్టరు. ఎండకు నీడ కావాలి, కాళ్ళు కడుక్కునే చోటు కావాలి, ఆడవాళ్ళకు వేరే హాలు కావాలి. పురావస్తు శాఖ వాళ్ళు మేకు కొట్టనివ్వరు. రాళ్ళ కోసం మనుషులు ఇబ్బంది పడాలా?’ ఇందులో ప్రతి మాటా న్యాయమే. రక్షిత కట్టడం అని బోర్డు పెట్టి, తాళం వేసి, దీపం పెట్టేవాణ్ణి కూడా బయటికి పంపితే అది కాపాడటం కాదు. దాత షరతును ఇంకో విధంగా తప్పడం. మసీదు ఇచ్చింది నమాజుకు. నమాజు ఆపేసి గోడను నిలబెడితే దానంలో సగం పోయినట్టే. కానీ పెంచడానికీ చెరపడానికీ తేడా ఉంది, దాన్ని బాద్‌షాహీ ఆషుర్‌ఖానా అందరికంటే బాగా నేర్పుతుంది. హైదరాబాదును కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, చార్మినార్ లేచిన కొద్ది ఏళ్ళకే అది వచ్చింది. మొహర్రంలో ఆలాలు, అంటే పీర్లు, నిలిపే చోటు. 1611లో దాని లోపలి గోడలకు ఎనామిలు పలకల నగిషీ పూర్తయింది: ఆవపువ్వు పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలు ఒకదానికొకటి అతికి, గోడ మీదే ఆలాల ఆకారాలుగా విప్పారతాయి. తర్వాత రెండో అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ రోజుల్లో చోటు చాలక హాలు పెంచవలసి వచ్చింది. అప్పుడు వాళ్ళు పలకల గోడ జోలికి పోలేదు. దాని ముందు ఎత్తయిన కొయ్య స్తంభాలతో మండపం కట్టారు. జనానికి నీడ దొరికింది, గోడ మిగిలింది, కొయ్య పని తన కాలపు అందాన్ని తాను తెచ్చుకుంది. రేపు ఎవరికైనా ఆ మండపం వద్దనిపిస్తే తీయవచ్చు, గోడకు దెబ్బ తగలదు. చేసినదాన్ని రాబోయేవాళ్ళు వెనక్కు తీసుకునే వీలుండేలా చేయడం, ముతవల్లి అయినా ధర్మకర్త అయినా పాటించగల గీత అదే. అప్పనపల్లిలో కొత్త గుడి లేచినప్పుడు పాత గుడి పోకుండా ఉండటం కూడా ఈ గీతకు ఇవతలి పనే, కడుతున్నవాళ్ళు ఈ మాటల్లో ఆలోచించారో లేదో గాని.

రెండో అభ్యంతరం మతం లోపలి కఠినుల నుంచి వస్తుంది. సమాధుల మీద గుంబజు కట్టడమే తప్పు, ఆలాలకు మొక్కడం అంతకంటే తప్పు, తప్పును కాపాడటం ఏ ధర్మం అంటారు వాళ్ళు. వాళ్ళ నమ్మకంతో నాకు పేచీ లేదు. అలా నమ్మేవాడు తన తండ్రి సమాధి మీద ఇటుక పెట్టకపోవచ్చు, అది అతని నిష్ఠ. ఇంకొకరు ఇంకో నమ్మకంతో దేవుడి పేరున విడిచిపెట్టినదాన్ని కూల్చే అధికారం ఆ నిష్ఠలోనుంచి పుట్టదు. పుడుతుందనుకున్నచోట ఏమయిందో ప్రపంచం చూసింది. 1920లలో మదీనాలోని బఖీ శ్మశానంలో గుంబజులు నేలమట్టమయ్యాయి. 2012లో మాలి దేశంలోని టింబక్టూలో సాయుధులు సూఫీల సమాధి మందిరాలను పడగొట్టారు. ఆ పని చేయించినవాళ్ళలో ఒకడైన అహ్మద్ అల్ ఫకీ అల్ మహదీకి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో తొమ్మిదేళ్ళ శిక్ష వేసింది. అతను తప్పు ఒప్పుకున్నాడు. నాకు ముఖ్యంగా అనిపించేది శిక్ష కాదు. తీర్పు రాకముందే, 2015 నాటికి, ఆ ఊరి మేస్త్రీలు తమ తాతల పద్ధతిలో మట్టితో ఆ మందిరాలను మళ్ళీ కట్టారు. మట్టి గోడ ఏడాదికేడాది వానకు కరుగుతుంది, ఏడాదికేడాది పూయాలి. ఆ పని చేసే చేతులు బతికి ఉన్నాయి కాబట్టే మందిరాలు లేచాయి. కాపాడవలసిన వారసత్వంలో గోడ సగమైతే, గోడను మళ్ళీ కట్టగల విద్య మిగతా సగం.

మూడోది హిందువుల వైపునుంచి వచ్చేది, ఈ మధ్య గట్టిగా వినపడుతున్నది: దండెత్తి వచ్చినవాళ్ళ కట్టడాలను మనమెందుకు నెత్తిన పెట్టుకోవాలి? దీనికి హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మన రాజమండ్రి నడిబొడ్డున పాత మసీదు ఉంది. 1324లో, గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుబడిలో, అతని కొడుకు ఉలుగ్ ఖాన్ దండయాత్ర వెంబడి వచ్చినట్టు దాని పారశీక శాసనం చెబుతుంది. అంతకుముందు అక్కడ వేణుగోపాలస్వామి గుడి ఉండేదని ఊరి నమ్మకం. గుడిని తీసి మసీదు కట్టి ఉంటే అది అన్యాయమే; నా వాదన ప్రకారం ఇంకా పెద్ద అన్యాయం, ఎందుకంటే అది ఇంకొకరి దానాన్ని చెరపడం. ఆ మాట అనడానికి వెనకాడనక్కరలేదు. కానీ అన్యాయాన్ని అదే పనితో సరిచేయలేం. చెరపడం తప్పని చెప్పే సూత్రమే రెండోసారి చెరపడాన్ని కూడా అడ్డుకుంటుంది, లేదంటే అది సూత్రం కాదు, పగ. 1324లో వచ్చిన సైనికుడికీ, ఏడు వందల ఏళ్ళుగా ఆ చోట నుదురు ఆనించిన చేనేత, బీడీ, బండి కార్మికులకూ సంబంధం ఏమిటి? 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనాస్థలం ఎలా ఉంటే అలాగే ఉండాలని 1991లో పార్లమెంటు చట్టం చేసింది ఈ ఆలోచనతోనే అనుకుంటాను. ఇక హైదరాబాదు మనది కాదనే మాట. 1570ల మొదట్లో రాజమండ్రి గోల్కొండ వశమైంది, ఆ తర్వాత గోదావరి సీమ శిస్తు అటే పోయింది. నరసాపురం రేవులో కట్టిన ఓడలు, ఈ తీరాన నేసిన బట్టలు ఆ రాజ్యానికి సిరి. ఇబ్రహీం కుతుబ్‌షాను మల్కిభరాముడని మన కవులు పొగిడిందీ, అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన అమీన్ ఖానుకు అంకితమిచ్చిందీ ఆ రోజుల్లోనే. చార్మినార్ సున్నంలో కోనసీమ వరి పండించినవాడి చెమట కూడా ఉంది. మనం ఇష్టపడి ఇవ్వలేదు, నిజమే, పన్ను ఎవరూ ఇష్టపడి ఇవ్వరు. అయినా మన కష్టం కలిసినదాన్ని మనది కాదని వదులుకోవడం ఎవరికి గెలుపు?

ఆకలి గురించిన అభ్యంతరానికి ఎక్కువ చర్చ అక్కరలేదు, బరువు తక్కువని కాదు, జవాబు దగ్గరలోనే ఉందని. బాలబాలాజీ గుళ్ళో వచ్చినవాళ్ళకు అన్నం పెడతారు. రాళ్ళకు పోసే డబ్బుతో ఇంకో వెయ్యి విస్తళ్ళు వేయవచ్చు కదా అంటే వినడానికి కాదనలేం. అయితే పాత ఇస్లామిక్ నగరంలో ప్రార్థనాస్థలం ఒంటరిగా ఉండేది కాదు. ముహమ్మద్ కులీ నగరంలో చార్మినార్‌తో పాటే హమాములు, నీటి తొట్లు, సరాయిలు వచ్చాయి. రోగులకు దారుష్షిఫా వచ్చింది. అంగళ్ళ అద్దెతో మసీదు దీపమూ వెలిగేది, బీదవాడికి అన్నమూ దొరికేది. గోడను, అన్నాన్ని ఎదురెదురుగా నిలబెట్టింది మన కాలమే. గానుగ సున్నంతో పని జరిగేచోట ఖర్చులో పెద్ద భాగం కూలీల ఇంటికే పోతుంది, సిమెంటు పని జరిగేచోట కంపెనీకి పోతుంది. అన్నదానం ఎక్కువ ఎక్కడ జరిగినట్టు?

ఇంత చెప్పాక కూడా సూత్రం అన్ని చిక్కులూ విప్పదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు నీరు ఆషుర్‌ఖానాలోకి కూడా వచ్చింది. గోడల కింది భాగంలో కొన్ని పలకలు పోయాయి. పోయినచోట తర్వాత రంగులతో అవే నగిషీలు గీసి నింపారు. దగ్గరికెళ్ళి చూస్తే తేడా తెలుస్తుంది: పైన పలక మెరుపు, కింద రంగు మొద్దుతనం. ఇప్పుడు ఆ రంగును గీకేసి కొత్త పలకలు చేయించి అతికించాలా? పైన మిగిలిన నగిషీని బట్టి నమూనా తెలుసు, కాబట్టి అలా చేయడం దాత కోరికను నెరవేర్చడమే అని వాదించవచ్చు. బడీ బావిని తిరిగి కట్టినప్పుడు మనం మెచ్చుకున్నాం కదా, ఇక్కడ ఎందుకు వద్దు అనవచ్చు. నా మొగ్గు మాత్రం వద్దనే వైపు. బావి కూలిపోతే అది బావి కాదు, నీరు నిలవాలంటే కట్టాలి. గోడ నిలిచే ఉంది. అక్కడ ఆలం నిలపడానికి ఆ పలకలు లేకపోయినా లోటు లేదు. రంగు వేసినవాళ్ళు వరదలో సర్వం పోగొట్టుకున్న నగరంలో, ఉన్నంతలో, మొహర్రం ఆగకూడదని వేశారు. అదీ ఒక దానమే, దానికీ ధర్మకర్త కావాలి. కొత్త పలకలు చేసే కారిగరును తయారు చేయండి, తప్పకుండా. ఆ విద్యను పక్క హాల్లో, కొత్త గోడ మీద పండించనివ్వండి. ఆషుర్‌ఖానాకు డబ్బు కేటాయించే రోజు వస్తే ముందు నేలలోనుంచి గోడకెక్కే తేమను ఆపాలి, పైకప్పు కారకుండా చూడాలి, ఇప్పుడున్న పలకల వెనక సున్నం వదులైనచోట పట్టు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా డబ్బు మిగిలితే, పలకల సంగతి ముతవల్లీ, మేస్త్రీ, ఇంజనీరూ ఒకచోట కూర్చుని తేల్చుకోవచ్చు.